పత్తి ఆకులోని నల్లచుక్కలు

తెలకపల్లి నాగర్‌కర్నూలు జిల్లాలో ఒక మండల కేంద్రము. 2016వ సంవత్సరమున జిల్లాల పునర్విభజన జరుగువరకు అది మహబూబునగరు జిల్లాలో నుండెను. చుట్టును చెలక నేలలు, నడుమనడుమ చెరువులు. జిల్లా దక్షిణ భాగమున నల్లమల అడవులు. తొలకరి వానలు పడగానే ఈ ప్రాంతపు రైతులు పలువురు పత్తి విత్తుదురు. విజయదశమి దాటునప్పటికి కాయలు పగిలి చేలు తెల్లబడును. పత్తి అనగానే జనులకు దూది జ్ఞప్తికి వచ్చును. దూది తరువాత గింజ జ్ఞప్తికి వచ్చును. ఆకును గూర్చి తలచువారు అరుదు. అయినను ఆ మొక్కయొక్క పనితన మంతయు ఆకులోనే దాగియున్నది.

పత్తిచేనికి పోయి ఒక లేత ఆకును త్రుంచి, దానిని ఎండకు ఎదురుగా పట్టి చూడుడు. ఈనెల నడుమ సూదిమొనతో పొడిచినట్లు సన్నని నల్లచుక్కలు కానవచ్చును. అవి తెగులు మచ్చలు కావు. పురుగు విడిచిన గుర్తులును కావు. ఆరోగ్యముగా నున్న ప్రతి ఆకునందును అవి యుండును. కాడమీదను, కాయ పైచర్మమునందును అట్టి చుక్కలే కనిపించును. గింజను అడ్డముగా కోసినచో లోపలి తెల్లని పప్పులో కూడ నల్లనువ్వులు చల్లినట్లు చుక్క లుండును.

ఈ చుక్క యొక్కొక్కటియు ఒక గ్రంథి. అనగా జిగురువంటి ద్రవమును దాచుకొన్న చిన్న తిత్తి. గింజలోని గ్రంథులందున్న ముఖ్యద్రవ్యమునకు గాసిపాలు అని పేరు. ఆకులలో దానితోపాటు దాని దాయాదులైన ద్రవ్యములును కలవు. వృక్షశాస్త్రజ్ఞులు పత్తి జాతికి 'గాసిపియము' అను పేరు పెట్టిరి; ఆ పేరునుండియే 1899లో పోలెండు దేశీయుడగు మార్చ్‌లెవ్‌స్కీ ఈ పసుపుపచ్చని ద్రవ్యమునకు నామకరణము చేసెను. దాని నిర్మాణమును అమెరికా రసాయన శాస్త్రజ్ఞుడు రోజర్ ఆడమ్స్ 1938లో తేల్చెను. ఒక గాసిపాలు అణువులో 30 కర్బన పరమాణువులు, 30 ఉదజని పరమాణువులు, 8 ఆమ్లజని పరమాణువులు ఉండును. ఇందులో 30 అను సంఖ్యను గుర్తుంచుకొనవలెను. ముందు దానితో పని యున్నది.

గాసిపాలు విషము. ఆకును కొరికిన పురుగు నోట గ్రంథి పగిలి ఈ విషము పడును. చాల పురుగులు దీనికి వెనుదీయును. కొన్ని మాత్రము దానిని విరిచికొను ఎంజైములను సంతరించుకొన్నవి. శనగపచ్చపురుగు అట్టి గట్టిపిండము. పశువుల సంగతి వేరు. ఎదిగిన ఆవులు, గేదెలు నెమరు వేయు జంతువులు గనుక వాని మొదటి పొట్టలోనే గాసిపాలు చాలవరకు మాంసకృత్తులతో పెనవేసికొని నిర్వీర్యమగును. అందుచేతనే పత్తిచెక్క వానికి మితముగా పెట్టినచో మంచి దాణా. నెమరుపొట్ట ఇంకను ఏర్పడని లేగదూడకు అదే చెక్క ప్రాణాపాయము. కోళ్లకు పెట్టినచో, ఆ గుడ్లను నిలువ యుంచినపుడు వాని పచ్చసొన ఆకుపచ్చ వన్నెకు తిరుగును. మనుష్యుడును ఈ గింజను ఉన్నదున్నట్లు తినరాదు. గానుగనుండి వచ్చిన పత్తిగింజల ముడినూనె నల్లగా, ఎర్రగా నుండుటకు కారణము గాసిపాలే. క్షారముతో శుద్ధిచేసి దానిని తొలగించిన పిమ్మటనే ఆ నూనె వంటకు పనికివచ్చును.

మొక్క తినునది యేమి? నేలలోని నీరు, లవణములు. గాలిలోని బొగ్గుపులుసు వాయువు. ఇంతటి సాదా భోజనముతో అది 30 కర్బనముల విషమును ఎట్లు వండుచున్నది? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుచు శాస్త్రజ్ఞులు నూరేండ్లకు పైగా నడచిరి.

1860లో గ్రెవిల్ విలియమ్స్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు రబ్బరును మూసలో వేడిచేసి, వచ్చిన ఆవిరిని చల్లార్చి ఒక తేలిక ద్రవమును పట్టెను. దానికి ఐసోప్రీన్ అని పేరు పెట్టెను. అందు 5 కర్బన పరమాణువులు, 8 ఉదజని పరమాణువులు ఉండును. తరువాత జర్మను పండితుడు ఆటో వాలాఖ్ కర్పూరము, టర్పెంటైను, నిమ్మగడ్డి మొదలగు వాసన వస్తువులను పరీక్షించుచు ఒక వింతను గమనించెను. వానిలో చాలవాటిని ఈ ఐదు కర్బనముల తునకలుగా విడదీసి చూపవచ్చును. కొన్నిట 10 కర్బనములు, కొన్నిట 15. కాని 11, 13 వంటి లెక్కలు తటస్థించుట అరుదు. 1910లో వాలాఖునకు నోబెల్ బహుమానము లభించినది. ఆ పిదప 1953లో లియోపోల్డ్ రుజీష్కా ఈ సంగతిని ఒక సూత్రముగా నిలబెట్టెను. జీవులు మొదట ఐదు కర్బనముల తునకలను అతికి 10, 15, 20, 30 కర్బనముల గొలుసులు చేయును. ఆ గొలుసులను పిమ్మట మడచియు, చెక్కియు, ఆమ్లజని చేర్చియు వేలకొలది ద్రవ్యములను సిద్ధపరచును. ఈ వంశమునకు ఐసోప్రినాయిడులు అని పేరు. ఒక్క అచ్చున తీసిన ఇటుకలతో మేస్త్రి గుడిగోపురమును, బావి ఒరను, పశువుల కొట్టమును కట్టును గదా; మొక్కలును అట్లే చేయును.

ఈ లెక్కను పత్తిమొక్కమీదనే సరిచూడవచ్చును. రెండు ఇటుకలు కలిసిన 10 కర్బనములు: ఆకును నలిపినపుడు వచ్చు ఘాటైన వాసనలో కొంతభాగము వీనిది. మూడు ఇటుకలు, 15 కర్బనములు: ఈ గొలుసును వలయములుగా ముడిచి, అట్టి వలయములను రెంటిని జంటచేసినచో 15కు 15 కలిసి 30 అగును. అదియే గాసిపాలు. నాలుగు ఇటుకలు, 20 కర్బనములు: పత్రహరితపు అణువునకు గల పొడుగైన తోక ఇట్టిది. ఆ తోక లేనిచో పత్రహరితము తన స్థానమున నిలువజాలదు. మొక్కను పొడవుగా సాగదీయు జిబ్బరెల్లిను అను ప్రేరకద్రవ్యము కూడ 20 కర్బనముల గొలుసునుండియే పుట్టును. పత్తి యేపుగా పెరిగి కాయ పట్టనపుడు రైతులు చల్లు మెపిక్వాట్ క్లోరైడు చేయునది ఈ జిబ్బరెల్లిను తయారీని అడ్డుటయే. చేనిలో పిచికారి పట్టుకొన్న రైతు తనకు తెలియకయే ఐసోప్రినాయిడుల కార్ఖానాలో ఒక మరను ఆపుచున్నాడు.

ఎనిమిది ఇటుకలు, 40 కర్బనములు: ఇవి కెరోటినులు. పండిన మామిడికి, ముదురు గుమ్మడికి పసుపువన్నె నిచ్చునవి ఇవియే. కొల్లాపురము తోటలలో మామిడి మాగుట యనగా ఒకవిధముగా ఈ 40 కర్బనముల గొలుసులు పోగుపడుటయే. పచ్చని ఆకులలోను కెరోటిను కలదు. పత్రహరితపు వన్నె దానిని మరుగుపరచును. మనుష్యశరీరము కెరోటినును స్వయముగా తయారు చేసికొనలేదు. తిన్న ఆకుకూరలోని, పండ్లలోని కెరోటినును నడిమికి విరిచి ఏ విటమినుగా మార్చుకొనును. అది చాలని పిల్లలకు మొదట రేచీకటి వచ్చును. దీపాల వేళకు బిడ్డ తడబడుచు గోడ పట్టుకొని నడచును. ఉపేక్షించినచో కంటిపాప చెడి శాశ్వతముగా చూపు పోవును. 1958లో కూనూరునుండి హైదరాబాదునకు తరలివచ్చిన పోషకాహార పరిశోధనశాల, అనగా నేటి జాతీయ పోషకాహార సంస్థ, ఈ వ్యాధిని గూర్చి విశేషకృషి చేసినది. ఆ కృషి ఆధారముగా 1970లో దేశమున అయిదేండ్లలోపు పిల్లలకు ఆరు నెలల కొకమారు పెద్ద మోతాదు ఏ విటమిను ఇచ్చు కార్యక్రమము మొదలైనది. మునగాకు, తోటకూర ఇంటి వెనుకనే పెరుగు ఊళ్లలో పిల్లలకు రేచీకటి వచ్చుట ఎంతటి విచారకరము!

నల్లమలలో ఈ వంశమునకు చెందిన చెట్లు అనేకము. అందుగు చెట్టు మానును గాటు పెట్టినచో కారు బంక నిప్పుమీద వేయగానే సాంబ్రాణివలె సువాసన నిచ్చును. అందు 10 కర్బనములవియు, 20, 30 కర్బనములవియు కలసియుండును. తపసి చెట్టు బంకయు చూచుటకు ఇంచుమించు అట్లే యుండును. కాని దానిని నీటిలో వేసినచో ఉబ్బును, నిప్పుమీద వాసన నీయదు. ఏలన అది చక్కెర జాతి గొలుసు, ఐసోప్రినాయిడు కాదు. బంకలన్నియు ఒకటే యని భావించుట పొరపాటు. వేపగింజలోని చేదు ద్రవ్యములు 30 కర్బనముల గొలుసునుండి కొన్ని కర్బనములు చెక్కివేయగా వచ్చినవి. రబ్బరు గొలుసులోనైతే వేలకొలది ఇటుకలు వరుసగా నుండును.

ఇటుకలనుండి కట్టడము ఎట్లు లేచునో ఇంతవరకు తెలిసినది. ఇక ఇటుక ఎట్లు తయారగును? కథలో అసలు చిక్కు ఇక్కడనే యున్నది.

మొక్క వాడునది వట్టి ఐసోప్రీను కాదు. ఐదు కర్బనముల తునకకు భాస్వరముతో కూడిన ఒక తోక తగిలించి వాడును. అతుకు పడునపుడు ఆ తోక ఊడిపోవును. 1956లో అమెరికాలో కార్ల్ ఫోకర్స్ బృందము మెవలోనిక్ ఆమ్లమును కనుగొన్నది. దానితో ఇటుక తయారగు మార్గము తెలియవచ్చెను. సిర్కాలోని పులుసునకు సంబంధించిన రెండు కర్బనముల తునకలు మూడు కలియగా 6 కర్బనములు. వానిలో ఒకటి బొగ్గుపులుసు వాయువుగా వెడలిపోగా మిగిలినవి 5. మన కాలేయము కొలెస్టరాలును తయారు చేయునది ఈ మార్గముననే. ఈ పరిశోధనలకు కాన్రాడ్ బ్లోఖ్, ఫియోడర్ లైనెన్ అను వారికి 1964లో నోబెల్ బహుమానము వచ్చెను. ఈస్టు మొదలు మనుష్యుని వరకు, గడ్డిపరక మొదలు మఱ్ఱిచెట్టు వరకు అందరికి ఇదే మార్గమని పాఠ్యగ్రంథములు వ్రాసినవి. ముప్పది యేండ్లు ఆ మాట చెల్లుబడి యైనది.

కాని మొక్కలు ఆ మాటను ఒప్పుకొనలేదు. గుర్తు వేసిన మెవలోనిక్ ఆమ్లమును మొక్కకు అందించినచో ఆ గుర్తు 30 కర్బనముల ద్రవ్యములలో చక్కగా కనబడుచుండెను. కెరోటినులో, పత్రహరితపు తోకలో మిక్కిలి స్వల్పముగా మాత్రమే కనబడుచుండెను. హరితరేణువు గోడ దానిని లోనికి రానీయదు కాబోలు అని పలువురు సరిపెట్టుకొనిరి. సరిపడని సంగతిని సర్దిచెప్పి ముందునకు సాగుట విద్వాంసులకును కలిగెడి దౌర్బల్యమే. జర్మనీలోని కార్ల్స్‌రూ నగరమున హార్ట్‌ముట్ లిఖ్టెన్‌థాలర్ 1980 ప్రాంతముల ముల్లంగి మొలకలకు మెవలోనిక్ మార్గమును అడ్డు ఒక మందును పెట్టి చూచెను. నేడు కొలెస్టరాలు తగ్గించుటకు వృద్ధులు మ్రింగు మాత్రల జాతికి చెందిన మందే అది. వేళ్లు ఎదుగుట మానినవి. 30 కర్బనముల ద్రవ్యములు తగ్గినవి. ఆకులు మాత్రము పచ్చగనే యున్నవి, కెరోటిను తయారగుచునే యున్నది. ఒక పొయ్యిని ఆర్పినను ఇంటిలో అన్నము ఉడుకుచున్నచో, మరియొక పొయ్యి ఎచటనో మండుచున్నదనియే గదా అర్థము!

రెండవ పొయ్యిని మొదట చూచినవాడు ఫ్రాన్సు దేశపు మిషెల్ రోమర్. ఆయన పరీక్షించినది మొక్కలను గాదు, బాక్టీరియాలను. ఆయన చేసిన పద్ధతి పాలమూరు గొర్రెలకాపరులకు సులభముగా బోధపడును. రెండు మందలు కలసిపోవునపుడు ఎవరి గొర్రెకు వారు వీపున రంగు పూయుదురు. సాయంకాలము ఏ గొర్రె ఏ దొడ్డికి చేరినదో ఆ రంగు చెప్పును. రోమర్ అట్లే గ్లూకోసులోని ఒక నియమిత స్థానపు కర్బనమును కొంచెము బరువైన కర్బనముగా మార్చి బాక్టీరియాలకు మేపెను. వంట పూర్తియైన పిమ్మట ఆ బరువైన కర్బనము ఇటుకలో ఏ మూలకు చేరినదో చూచెను. మెవలోనిక్ మార్గమున పోయినచో చేరవలసిన మూలలకు అది చేరలేదు! 1993లో ఆయన ఆ ఫలితములను ప్రకటించెను. స్విట్జర్లండులో అరిగోనీ బృందమును వేరుగా పనిచేసి అట్టి నిర్ణయమునకే వచ్చినది.

ఈ రెండవ మార్గములో మూడేసి కర్బనముల తునకలు రెండు కలియును. ఒకటి పైరువిక్ ఆమ్లము, మరియొకటి గ్లిసరాల్డిహైడు ఫాస్ఫేటు. మొత్తము 6. అందొకటి బొగ్గుపులుసు వాయువుగా పోగా మిగిలినవి 5. మొదటి మార్గములో ఆ ఒక్క కర్బనము చివరలో పోవును; ఇందు మొదటి అడుగుననే పోవును. రెండు లెక్కలును 6 లోనుండి 1 తీసివేయుటయే. పాకము వేరు, పళ్లెములోనికి వచ్చు పదార్థ మొక్కటే. అంతకంతకు దీనిలోని మెట్లన్నియు తెలియగా, నడుమ వచ్చు ఒక ద్రవ్యము పేరున మిథైల్ ఎరిత్రిటాల్ ఫాస్ఫేటు మార్గమని దీనికి పేరు స్థిరపడినది.

లిఖ్టెన్‌థాలర్, రోమర్ కలసి ఈ రంగుపూత పద్ధతిని మొక్కలకు, నాచులకు ప్రయోగించిరి. 1995, 1997 సంవత్సరముల నడుమ సంగతి తేటపడినది. మొక్క ఆకులోని జీవకణమున రెండు పొయ్యిలు కలవు. కణద్రవములో మెవలోనిక్ పొయ్యి. హరితరేణువులో రెండవ పొయ్యి. పత్తి ఆకులో నల్లచుక్కలోని గాసిపాలు మొదటి పొయ్యిమీద వండినది. ఆ చుక్క ప్రక్కనే యున్న పచ్చదనపు తోకయు, కెరోటినును రెండవ పొయ్యిమీద వండినవి. జానెడు ఆకులో రెండు వంటలును ప్రక్కప్రక్కనే జరుగుచున్నవి. అప్పుడప్పుడు ఒక పొయ్యి ఇటుకలు కొన్ని మరియొకచోటికి చేబదులుగా పోవుటయు కలదు.

రెండు పొయ్యి లెందులకు? హరితరేణువు మొదట మొక్కకు సొంతము కాదు. నూరు కోట్ల యేండ్లకు పూర్వము స్వతంత్రముగా బ్రదుకు నీలిపచ్చ బాక్టీరియా ఒకటి వేరొక జీవకణములోనికి చేరి, అచటనే కాపురముండి క్రమముగా హరితరేణువైనది. అత్తవారింటికి వచ్చిన కోడలు పుట్టింటి సామగ్రిని వెంట తెచ్చుకొన్నట్లు, అది తన వంట పద్ధతిని వెంట తెచ్చుకొన్నది. ఇల్లు మొదటినుండి నడపుకొనుచున్న పొయ్యి ఒకటి అంతకుముందే యుండెను. అందుచే మొక్కలకు రెండు దక్కినవి.

చెరువునీటిపై తేలు ఆకుపచ్చని నాచు సంగతి మరింత వింత. ప్రయోగశాలలో సెనెడెస్మస్ అను పచ్చనాచును పరీక్షించినపుడు కెరోటినులోనే గాక 30 కర్బనముల ద్రవ్యములలో కూడ రెండవ మార్గపు గుర్తులే కనబడినవి. పచ్చనాచులు సాధారణముగా పాత పొయ్యిని పూర్తిగా ఆర్పివేసినవి. కోడలి పొయ్యిమీదనే ఇంటిల్లిపాదికి వంట జరుగుచున్నది. ఉప్పు మిక్కుటమైన నీటిలో పెరుగు డునాలియెల్లా అను పచ్చనాచు, ఎండయు ఉప్పును హెచ్చినపుడు ఎర్రబారునంతగా కెరోటినును నింపుకొనును. దాని ఎండుబరువులో నూటికి 10 వంతుల వరకు కెరోటినే యుండవచ్చును. పలు దేశములలో దీనిని మడులలో పెంచి కెరోటిను తీయుచున్నారు.

హరితరేణువులోని పొయ్యి ఆరినచో ఏమగునో కొన్ని పైరులలో వాడు క్లోమజోన్ అను కలుపుమందు కన్నులకు కట్టించును. అది ఈ మార్గపు మొదటి అడుగును అడ్డగించును. కెరోటిను లేక కలుపుమొక్క తెల్లగా పాలిపోవును. ఎండను కాచుకొను గొడుగు కెరోటినే గనుక, అది లేని ఆకు ఆ ఎండకే మాడిపోవును.

ఈ విజ్ఞానము పంటచేల వరకే ఆగలేదు. 1897 ఆగష్టు 20వ తేదీన సికిందరాబాదులో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూచెను. ఆ క్రిమి జంతువువంటి దని అందరు తలచిరి. నూరేండ్లు గడచునప్పటికి దానిలో రంగులేని ఒక చిన్న తిత్తి కనబడినది. అది పూర్వమెన్నడో మ్రింగబడిన ఎర్రనాచుయొక్క హరితరేణువు శేషము. దానికిప్పుడు పచ్చదనము లేదు, ఎండతో పనిలేదు. కాని ఆ రెండవ పొయ్యి మాత్రము అందు మండుచునే యున్నది. 1999లో హసన్ జుమా మరియు ఆయన సహచరులు, ఫాస్మిడోమైసిన్ అను మందు ఆ పొయ్యిని ఆర్పి మలేరియా సోకిన ఎలుకలను బ్రదికించునని చూపిరి. మనుష్యునికి మొదటి పొయ్యి మాత్రమే కలదు. కనుక రెండవ దానిని ఆర్పు మందు వలన క్రిమియే నశించును, రోగి వంటకు భంగము లేదు. 2011లో అమెరికాలో జరిగిన ప్రయోగములో క్రిమికి ఐదు కర్బనముల ఇటుకను వెలుపలనుండి అందించిరి. అప్పుడు ఆ తిత్తి లేకున్నను అది రక్తకణములలో బ్రదికినది. అనగా రక్తములో నున్నంతకాలము ఆ తిత్తి క్రిమికి చేసిపెట్టు అత్యవసరమైన పని ఇటుకల తయారియే. ఫాస్మిడోమైసిన్ శరీరమునుండి త్వరగా వెడలిపోవును. ఒంటరిగా ఇచ్చిన రోగులలో కొందరికి జ్వరము తిరుగబెట్టినది. అందుచేత అది ఇంకను ఆసుపత్రులలో సాధారణ వాడుకకు రాలేదు. క్షయరోగపు బాక్టీరియాలోను ఈ రెండవ పొయ్యియే కలదు గాని, ఈ మందు దాని గోడను దాటి లోనికి పోజాలకున్నది. ఆ గోడను దాటగల మందుకొరకు వెదకులాట సాగుచున్నది.

ఇక గాసిపాలు మాట. ఒక కిలో దూదికి సుమారు 1.6 కిలోల గింజ వచ్చును. ఆ గింజలో నూటికి ఇరువది వంతులకు పైగా మాంసకృత్తులు ఉండును. దూదికొరకు ఎటులైనను పండించు పైరునుండి అదనపు సెంటు భూమియైన లేకుండ లభించు ఆహార మిది. ఇంతటి మాంసకృత్తులను మనుష్యుని నోటికి దూరము చేసినవి ఆ నల్లచుక్కలే. 1950 తరువాతి సంవత్సరములలో అమెరికాలో మెక్‌మైకేల్ అను ఆయన, హోపీ ఆదివాసులు పండించు పత్తినుండి చుక్కలు లేని పత్తిని సాధించెను. గింజ తినదగినదైనది. కాని ఆకులోను చుక్కలు లేకపోవుటచే పురుగులు, ఎలుకలు ఆ చేలపై విరుచుకుపడినవి. రైతులు దానిని విడిచిపెట్టిరి. కంచెను తీసివేసినవాడు పంట దక్కలేదని విచారించి ప్రయోజన మేమి?

ఆ చిక్కును విప్పినవాడు అమెరికాలోని టెక్సాస్ ఏ అండ్ ఎమ్ విశ్వవిద్యాలయమున పనిచేయు కీర్తి రాథోడ్. 15 కర్బనముల గొలుసును మొదటిసారి వలయముగా ముడుచు ఎంజైము ఒకటి కలదు. గాసిపాలు తయారీకి అదే వాకిలి. ఆయన ఆ వాకిలిని మొక్కయంతట మూయలేదు. గింజలో మాత్రమే మూయించెను. ఆకులో, కాడలో, కాయపై తెరచియే యుంచెను. 2006లో ఈ ఫలితము ప్రకటింపబడినది. గింజలో గాసిపాలు సుమారు నూటికి 97 వంతులు తగ్గెను. ఆకులోని కాపలా యథాప్రకారముగ నిలిచెను. 2018లో అమెరికా వ్యవసాయశాఖ దాని సాగునకు, 2019లో ఆహార ఔషధ నియంత్రణశాఖ దాని గింజను మనుష్యులు తినుటకు అనుమతి నిచ్చినవి. భారతదేశమున ఆ పత్తి ఇంకను సాగునకు రాలేదు. తెలకపల్లి చేలలో పండిన గింజ ఎప్పటివలెనే గానుగకు పోవుచున్నది. నూనె శుద్ధియై వంటయింటికి, చెక్క ఎదిగిన పశువుల తొట్టికి చేరుచున్నవి.